కుక్కలు, పిల్లులు ఉన్నవారికి ఇవ్వబడదు

(గోదావరిఖనిలో ఒక కొత్త కాలనీ. మేడ ఇంటి గేటుకు అవతల జమున, ఆమె నల్లకుక్క. ఇవతల ఇంటాయన సదయ్య.)

"బోర్డు చదివినవా, లేదా?"

"చదివిన కాక. 'పై వాటా కిరాయికి ఇవ్వబడును.'"

"కింద ఇంకో లైను ఉన్నది."

"అది గూడ చదివిన. 'కుక్కలు, పిల్లులు ఉన్నవారికి ఇవ్వబడదు.'"

"చదివి గూడ బెల్లు కొట్టినవా?"

"రెండుసార్లు కొట్టిన. మొదటిసారి నీకు ఇనవడలే."

"మంచిగున్నది! ఎవలమ్మ నువ్వు?"

"జమున. బొగ్గు బాయి మీద లాంపు రూంల పని. డ్యూటీకి దిగేటోళ్లకు లైట్లు ఇస్త. మా పాత క్వార్టర్లు కూలగొడుతున్నరు, ఆదివారం కల్ల ఖాళీ చెయ్యాలె. నేను, ఈ నల్లోడు, ఇంటికాడ తోక తెగిన పిల్లి ఒకటి. ముగ్గురం."

"ముగ్గురట! నువ్వొక్కదానివే అయితె తాళంచెవి ఇప్పుడే ఇస్త. నేను గూడ బాయి పని చేసి రిటైరైనోన్నే. దీన్ని ఎవలకన్న ఇచ్చెయ్యి."

"ఇయ్య."

"పోనీ పిల్లిని..."

"ఇయ్య. పదకొండు ఇండ్లు తిరిగిన కాక. ఒకాయన కుక్కను ఇడిచిపెడితె పిల్లిని రానిస్తనన్నడు. ఒకామె నీసు తినే పిల్లయితె వద్దన్నది. పప్పుచారు తినే పిల్లి యాడుంటదో చెప్పు, దాన్నే పెంచుకుంట!"

"నన్ను నవ్విపియ్యకు. పో, వేరేకాడ చూసుకో."

"పోదామనే బోర్డు చదివి పక్క సందులకు తిరిగిన. ఇదే తిరుగలే. నీ గేటు కాడ కూలవడ్డది. గుంజితె గూడ లేస్తలే."

"ఎండకు అలిసింది కావచ్చు."

"అలిస్తె తోక ఊపుతదా? చూడు ఎట్ల ఊపుతున్నదో. కొత్తోళ్లు కనవడితె మీదికి ఉరికేటిది, నిన్ను చూసి ఒక్క మొరుగు మొరుగలే."

"నాకేం తెలుసు? అగో, అగో! గేటు మీదికి ఎగవడుతున్నది! పట్టుకో, పెయింటు గీరుకపోతది!"

"నల్లోడా, దిగు! దిగుమన్ననా!"

"సర్దార్! కూసో!"

"అరే, కూసున్నది!"

"కూసున్నది గదా. ఇగ తీస్కపో."

"కాకా."

"ఏంది?"

"ఏమని పిలిచినవ్?"

"ఏమో. నోటికొచ్చింది."

"ఆరేండ్ల సంది పెంచుతున్న. నేను కూసోమంటె ఒక్కనాడు కూసోలే. నీ నోటికొచ్చిన పేరుకు ముందటి కాళ్లు జోడిచ్చి మరీ కూసున్నది."

"కుక్కలన్ని గంతే. గట్టిగ అంటె కూసుంటయి."

"నీ లాంపు నంబరెంత కాకా?"

"అదెందుకిప్పుడు?"

"ఊకెనే."

"మర్చిపోయిన."

"బాయి పనోడు పెండ్లాం పేరు మర్చిపోతడేమో గని, లాంపు నంబరు మర్చిపోతడా? లైటిచ్చేటప్పుడు మేము మొకం గూడ చూడం, నంబరే చూస్తం. దీని మెడల ఇత్తడి బిళ్ల ఉన్నది, సూడు. వెనుకట లాంపు నంబరు కొట్టి హాజరుకు ఇచ్చిన బిళ్ల. నాలుగు వందల పదహారు. ఎవలదని అడుగుతె, ఆ నంబరాయన రిటైరై పోయిండన్నరు."

"మెల్లగ మాట్లాడు. లోపల మా ఆమె ఉన్నది."

"ఎందుకు మెల్లగ? నేను పనిల చేరిన కొత్తల ఇది బాయి గేటు కాడ కూసునేది. షిఫ్టు ఇడువంగనే ఒక్కొక్కల మొకం చూసేది. అందరు పోయినంక ఉత్త గేటును చూసేది. రెండు నెల్లు, కాకా! వానల తడుసుకుంట!"

"నేనేం జెయ్యాలె? అప్పుడే ఈ ఇల్లు కట్టిన. గ్రానైట్ ఏపిచ్చిన. ఇక్కడ అందరు సార్లే. ఊరకుక్కను ఎంటేసుకొని దిగితె, క్వార్టర్ల బుద్ధి పోలే అంటరని... మా ఆమె గూడ వద్దన్నది. నన్నేం జెయ్యమంటవ్?"

"నేనెప్పుడు వద్దన్ననయ్యా?"

"సారవ్వా... నువ్వు లోపలికి పో."

"పోను. లారీ కింద వడి సచ్చిపోయిందన్నవు. నా చేతులతోని బొంద పెట్టి వచ్చిన అన్నవు. క్వార్టర్ల నా చేతి బువ్వ తిని పెరిగింది అది. మూడు దినాలు నేను బువ్వ ముట్టలే. నువ్వు ముట్టినవ్. అప్పుడే అనుమానం రావాలె నాకు."

"అది గాదే..."

"గేటు తియ్యి."

"పక్కింటోళ్లు చూస్తున్నరు!"

"చూడనియ్యి. కుర్చీలేస్త, కూసొని చూడుమను. తియ్యి! దా సర్దార్, దా నా కొడుకా... బిడ్డా, ఇగో పై వాటా తాళంచెవి. పిల్లిని గూడ జల్ది తెచ్చుకో."

"పెద్దవ్వా, మరి కాక?"

"పదకొండు ఇండ్లు తిరిగిన అంటివి గదా బిడ్డా. అండ్ల ఒకటి ఈయనకు చూడు. కుక్క లేదు, పిల్లి లేదు, అడగంగనే ఇస్తరు."