పడమటి గట్టు మీద ఉయ్యాలలు

ముందే చెబుతున్నాను సత్యం గారూ, రాళ్లవాగు బొగ్గుగని ఎందుకు మూతపడిందన్న సంగతి నేను మాట్లాడను. మేనేజరుగా అరవై ఎనిమిదిలో నేనిచ్చిన రిపోర్టు ఉంది, చదువుకోండి. మీరు విజయవాడ దాకా జీపు వేసుకొచ్చింది అక్కడి విహారకేంద్రం ప్రారంభోత్సవానికి నన్ను పిలవడానికి. పిలిచారు. రాలేనన్నాను. కాఫీ చల్లారిపోతోంది.

సన్మానమా? మంగళగిరి పంచెల చాపు కూడా కొన్నారూ! శాలువా కూడానా, ఈ ఎండల్లో? వెనక్కిచ్చేయండి.

సరే, చూపించండి మీ ప్లాను. కుంగిన చోట చెరువు, చెరువులో పడవలు. బాగుంది. పిల్లల ఉయ్యాలలు ఎక్కడన్నారు? పడమటి గట్టు మీదా?

వద్దు. తూర్పుకు మార్చండి.

ఎందుకంటే... అటు గాలి ఎక్కువ. నవ్వకండి.

గని మ్యాపులో ఆ గట్టు కింద గట్టి నేలే ఉందంటారా? ఉంది. ఆ మ్యాపు మీద సంతకం నాదే.

కూర్చోండి. జీపు ఎక్కడికీ పోదు.

కప్పు కూలకుండా లోపల బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తామండీ. చివర్లో వెనక్కి వస్తూ అవీ తవ్వుకుంటాం. వాగు పక్కనవి మాత్రం ముట్టుకోకూడదు. ఉత్పత్తి తగ్గిందని పైనుంచి టెలిగ్రాం మీద టెలిగ్రాం. నేను ముట్టుకున్నాను. ఆ గట్టు కిందే. మ్యాపులో గీయించలేదు.

ఆ స్తంభాలు తవ్వడానికి మరియదాసని ఒక కార్మికుణ్ణి ముందు పంపాను. "కప్పు మూలుగుతోందండీ అయ్యగారూ" అన్నాడు. "దానికంటే నీ మూలుగే ఎక్కువగా ఉందిరా, పో" అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే వెళ్లాడు.

ఆ మూలుగు నాకు మాత్రం వినబడలేదంటారా?

వాగు లోపలికొచ్చింది. తక్కినవాళ్లు బయటపడ్డారు. కొంత నేల కుంగి మీ చెరువైంది. గట్టు కింద మాత్రం ఇప్పటికీ బోలుగానే ఉంది. మరియదాసు అక్కడే ఉన్నాడు. రిపోర్టులో నేనేం రాశానో తెలుసా? అనుమతి లేకుండా ఎటో వెళ్లాడు, ఆచూకీ దొరకలేదు అని.

రాసిమ్మంటారా? ఇస్తాను. కాగితం తీయండి.

వాడి భార్య హన్నా నిరుడు నాకు ఉత్తరం రాసిందండీ. ఒక్క నిష్ఠూరం లేదు. "అక్కడ పడవలు తిప్పుతారంట గదా అయ్యగారూ. సమాధుల పండగకి అందరూ కొవ్వొత్తులు పెట్టుకుంటారు, నాకు సమాధి లేదు. ఆయన ఏ వైపున ఉన్నాడో చెబితే ఆ గట్టున ఒకటి వెలిగించుకుంటాను" అని.

కార్డు ముక్క మీద పడమర అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. రాయలేదండీ.