చెంచాడు ఇసుక

పశువైద్యశాలలో లోపలి గది. బల్ల మీద మూతకు గాలి కంతలున్న ప్లాస్టిక్ పెట్టె, అందులో ఒక విదేశీ పెంపుడు బల్లి. దానికి ఒకవైపు డాక్టరమ్మ, ఇంకోవైపు పెంపుడు జంతువుల షాపు నడిపే ఆమె మరిది.

“...అలా కాదు వదినా, మెల్లిగా నొక్కు! వాడికి నొప్పెడుతుంది.”

“డాక్టర్ని నేనా, నువ్వా?”

“నువ్వే, నువ్వే. కాదన్నానా? పొట్ట చూశావుగా, డప్పులా ఎలా ఉబ్బిందో. తిండి ముట్టడు. దొడ్డికెళ్లి ఎన్నాళ్లయిందో. పొద్దస్తమానం మూలకెళ్లి నేల గోకుతుంటాడు. షాపుకొచ్చేవాళ్లలో సగం మంది మా రాజాని చూడ్డానికే వస్తారు వదినా. ఇలాంటి బల్లి ఇంకెక్కడా లేదు.”

“అద్దాల తొట్టిలో ఏం పరిచావు?”

“ఏముంది... మామూలే.”

“మామూలే అంటే?”

“వేడి దీపం సరిగ్గానే ఉంది. నీళ్లు కూడా ఎప్పటికప్పుడు—”

“దీపం సంగతి అడిగానా? కాళ్ల కింద ఏముంది?”

“...ఇసుక.”

“ఏ ఇసుక?”

“అదే వదినా. కాల్షియం ఇసుక.”

“తిన్నా అరిగిపోతుందని పెద్దక్షరాలతో రాసి అమ్ముతున్నావే, అదేనా? మా పాప బల్లికి తెచ్చిచ్చావే, అదేనా?”

“కంపెనీవాళ్లు అలాగే చెప్పారు! ఇప్పుడవన్నీ ఎందుకు? ఇందాక తీసిన ఎక్స్‌రే ఏది?”

“ఇదిగో. చూడు.”

“ఈ తెల్లటి ముద్ద... ఏంటిది?”

“ఇసుక. పురుగుని నోట కరిచినప్పుడల్లా దాంతోపాటు ఇంత లోపలికి పోతుంది. పేగులో తడికి ముద్దయి సిమెంటులా బిగుసుకుంటుంది. ఇక పైనుంచి వచ్చింది కిందికి దిగదు.”

“అమ్మో! ఆపరేషన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి.”

“తొందరేముంది? కూర్చోండి మరిదిగారూ.”

“గారేంటి వదినా, వాడు చచ్చిపోయేలా ఉంటే!”

“మా పాప బల్లి చచ్చిపోయినప్పుడు ఏమన్నావు?”

“నేనా? నేనేమన్నాను?”

“అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తయ్య ఉన్నారు, మీ అన్నయ్య ఉన్నారు. అందరి ముందూ ఏమన్నావు?”

“ఏదో... మాటవరసకి...”

“‘చాక్లెట్లు మేపి చంపేసుంటుంది’ అన్నావు. ఎనిమిదేళ్ల పిల్లని! దాని చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అప్పట్నుంచి గుమ్మంలోకి పిల్లి వచ్చినా సరే, చేతులు వెనక్కి కట్టేసుకుంటోంది. తను ముట్టుకుంటే చచ్చిపోతుందట.”

“చిన్నపిల్ల కదా, మర్చిపోతుందనుకున్నా.”

“నేను మర్చిపోలేదు. నేనెంత చెప్పినా అది నమ్మట్లేదు. ఇదిగో ఫోన్. చంపింది నువ్వు కాదు, నా ఇసుక అని దానికి చెప్పు.”

“దానికి చెబితే అమ్మకి చెబుతుంది. అమ్మ అన్నయ్యకి చెబుతుంది. తర్వాత ఊరంతా... నా షాపేం కావాలి?”

“సరే. ఫోన్ వద్దు. ఈ చెంచా పట్టుకో.”

“ఏంటిది?”

“నీ సరుకే. పాప బల్లి తొట్టికిచ్చిన సంచిలో మిగిలింది. తిన్నా అరుగుతుందిగా, తిను.”

“నాతో ఎగతాళా వదినా?”

“నా మొహంలో నవ్వు కనిపిస్తోందా? ఫోనా, చెంచానా?”

“...చెంచా.”

“అబ్బో! పిల్ల ముందు తల దించడం కన్నా ఇసుక మింగడమే తేలికన్నమాట. కానియ్.”

“నీళ్లు... నీళ్లియ్యి.”

“ముందు మింగు.”

“థూ! పళ్లకి అతుక్కుపోయింది. ముద్దకట్టేస్తోంది వదినా, గొంతు దిగట్లేదు—”

“నీ గొంతు ఇంతుంది. దాని పేగు నా చిటికెన వేలంత లేదు.”

“ఇయ్యి. ఆ ఫోనే ఇయ్యి.”

“నోరు పుక్కిలించి మాట్లాడు. పాప జడుసుకుంటుంది.”

“...హలో, అమ్మలూ? నేను, బాబాయిని.”

“నీ గొంతేంటి బాబాయ్, అలా ఉంది?”

“ఏం లేదమ్మా. అదీ... నీ బల్లి లేదూ... దాన్ని నువ్వు చంపలేదురా. నేనిచ్చిన ఇసుక తిని చచ్చిపోయింది.”

“నేను పెట్టిన ఆకులు తిని కాదా?”

“కాదు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“మరి ఆ రోజు అలా ఎందుకన్నావు?”

“...నన్నెవరూ ఏమీ అనకూడదని.”

“నానమ్మకి చెప్పనా?”

“...చెప్పు.”

“నానమ్మా! ఓ నానమ్మా! బాబాయి ఏమంటున్నాడో—”

“ఫోన్ పెట్టేసింది. అయిందా వదినా? కసి తీరిందా? ఇక కత్తి పట్టుకో, నీ కాళ్లు పట్టుకుంటా.”

“కత్తెందుకు? ఇంటికెళ్లి తొట్టిలో ఇసుకంతా ఎత్తి పారబోసి కాగితాలు పరుచు. ఓ మూల లోతైన డబ్బాలో తడిమట్టి నింపు. అదే తవ్వుకుని పెట్టుకుంటుంది.”

“ఏం పెట్టుకుంటుంది?”

“గుడ్లు. నీ రాజా ఆడది మరిదిగారూ. షాపు పెట్టావు, ఆ మాత్రం చూసుకోలేదూ?”

“ఆడదా! మగతోడు లేకుండా గుడ్లెలా వస్తాయి?”

“పుంజు లేకుండా పెట్ట పెట్టదూ? ఇదీ అంతే. ఇసుక ఇంకా పేగుకి పట్టలేదు, దాని అదృష్టం.”

“మరి ఆ ముద్ద? ఎక్స్‌రేలో నా కళ్లతో నేను చూశానే!”

“అది మా పాప బల్లిది.”