అట్టమీది పాఠాలు

ఆ కాగితం ముందు మడిచి జేబులో పెట్టుకోండి, బాబూ. మోసమా? మా ఇంట్లోనా? గడప దాటి వచ్చిన మనిషి మొదట మంచినీళ్ళు తాగాలి, తరువాత నిందలు వేయాలి. ఇదిగో, తీసుకోండి.

మీరు ఎవరి ఇంట్లో కూర్చున్నారో తెలుసా? మా మామగారు అచ్చు కార్యాలయంలో అక్షరాలు పేర్చేవారు. పని ముగిశాక తోటి పనివాళ్ళను కాగితపు కట్టలమీద కూర్చోబెట్టి, ముప్ఫైమందికి చదవడం నేర్పారు. ప్రతిఫలంగా ఒక్క కప్పు టీ కూడా పుచ్చుకోలేదు. మా అత్తగారు ఈ మేడలో ఉన్న ప్రతి ఇంటికీ మందుచీటీలు చదివి చెప్పేవారు. మా నాన్నగారు వ్యాకరణం పంతులు. నేను వాక్యాన్ని సగంలో వదిలేస్తే, అది పూర్తయ్యేదాకా పళ్ళెంలో అన్నం వడ్డించనిచ్చేవారు కారు.

అటువంటి ఇంట్లో నా కోడలు మోసం చేసిందని మీ యంత్రం చెప్పగానే నమ్మేసి, మూడంతస్తులు ఎక్కి వచ్చారా!

ఏమిటీ? అవును, ఆ మార్కులు నాకూ తెలుసు. మీ కంప్యూటర్ శిక్షణలో నలభై రెండు పాఠాలు. ప్రతి పాఠం చివర ఇచ్చే సాధన పరీక్షలో నూటికి నూరు. కానీ మొన్న మీ కళ్ళముందు కూర్చుని రాసిన అసలు పరీక్షలో, చివరి రెండు పాఠాల ప్రశ్నలన్నీ తప్పు. నెగ్గడానికి డెబ్బై రావాలి, రెండు మార్కుల్లో పోయింది. అందుకని సాధన ఎవరో చేసిపెట్టారని మీ అనుమానం. అదే కదా?

తలనొప్పి వచ్చి ఉంటుంది, బాబూ. మనిషి కాదా?

ఎందుకలా నవ్వుతారు? సరే, నవ్వండి.

నేను ఒకటి అడుగుతాను, చెప్పండి. గ్రంథాలయం పైగదిలో ఆరు కంప్యూటర్లు పెట్టారు. పని లేనివాళ్ళకు, చాలీచాలని పనిలో ఉన్నవాళ్ళకు మంచి ఉద్యోగం వచ్చే విద్య నేర్పుతామన్నారు. సంతోషం. మరి ఆ గది ఎప్పుడు తెరుస్తారు? పదింటికి. ఎప్పుడు మూస్తారు? నాలుగింటికి! బట్టల ఫ్యాక్టరీలో ఎనిమిదింటినుంచి ఆరింటివరకు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడే మా కోడలు మీ గదికి ఎప్పుడు రావాలి? ఆ వేళలు నిర్ణయించిన మహానుభావుడు ఏనాడైనా ఒక్క పూట కూలి పోగొట్టుకున్నాడా?

నాకు మాత్రం తీరిక ఉంది. కోడలి కార్డు చేతిలో పట్టుకుని నేనే వచ్చాను. అవును, నేనే! ఇక దాచడమెందుకు? కార్డుమీది ఫోటోలో ముప్ఫై ఏళ్ళ మనిషి, ఎదురుగా నెరిసిన జుట్టు. మీ గుమస్తా తల ఎత్తితే కదా తేడా తెలిసేది!

సాధన నేను చేశాను. తొంభై తొమ్మిది వస్తే మళ్ళీ మొదటినుంచి కూర్చునేదాన్ని. ఆ పొగరే ఈనాడు మా కొంప ముంచింది.

కూర్చోండి, బాబూ, లేవకండి. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఇంటికి వచ్చి చొక్కాల పెట్టె అట్టమీద కంప్యూటర్ మీటలన్నీ గీశాను. కొలత తప్పకుండా, స్కేలు పెట్టి. పొద్దున్నే పొయ్యిమీద అన్నం ఉడికేలోగా కోడలికి ఒక పాఠం. వేలు తప్పు మీటమీద పడితే గరిటెతో ఒక్కటి వేసేదాన్ని. "అత్తయ్యా, ఈ అట్టమీద నేను రాసిన ఉత్తరం ఎవరికి చేరుతుందండీ?" అని ఎగతాళి చేసేది. "ముందు తప్పుల్లేకుండా రాయి, చేరే సంగతి తరువాత చూద్దాం" అనేదాన్ని. ఏడేళ్ళ మనవరాలు దానికి వంటింటి కంప్యూటరని పేరు పెట్టింది. ఆదివారాలు కోడలు కింది అంతస్తులోని దర్జీ దగ్గర పాత కంప్యూటరుమీద చేయి తిప్పుకునేది.

మరి చివరి రెండు పాఠాలు ఎందుకు రాలేదంటారా?

నలభై ఒకటోది ఉద్యోగానికి దరఖాస్తు పంపడం. నలభై రెండోది తెరముందు కూర్చుని ఇంటర్వ్యూలో మాట్లాడడం. పరీక్షలో నెగ్గితే ఆసుపత్రి రికార్డుల గదిలో ఉద్యోగమని మీరే చెప్పారు. ఊరికి ఆ చివర. ఉండడానికి గది కూడా ఇస్తారట. కోడలు పోతుంది. పిల్లనూ తీసుకుపోతుంది. మావాడు లారీ దిగేది మూడు నెలలకొకసారి. ఇక ఈ నాలుగు గోడలకు నేను వ్యాకరణం చెప్పుకోవాలి.

నలభైతో పాఠాలు అయిపోయాయని కోడలికి చెప్పాను. విద్య వస్తుంది, ఉద్యోగం రాదు అనుకున్నాను. వినండి, నా తెలివి! అది నమ్మింది, బాబూ. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు.

తప్పిన దగ్గరినుంచి తన బుర్రే మంచిది కాదని చెప్పుకుంటోంది. నిన్న ఇస్త్రీచేస్తూ ఆలోచనలో పడి చేయి కాల్చుకుంది. అయినా నేను నిజం చెప్పలేదు.

మోసానికి శిక్షగా ఏడాదిపాటు పరీక్ష లేదని రాస్తారా? రాయవలసివస్తే నా పేరుమీద రాయండి. సోమవారం దానిని మరొకసారి పరీక్షకు కూర్చోబెట్టండి. మీరు తెచ్చిన కాగితం వెనుక ఖాళీగా ఉంది కదా? కలం తీయండి. నేను చెబుతాను, నిలిపి నిలిపి చెబుతాను, మీరు రాసుకోండి.

"నేను నా కోడలికి నలభై పాఠాలు నేర్పాను. రెండు పాఠాలు తెలిసీ నేర్పలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఈ సాయంత్రం నేనే చెబుతాను. ఆ తరువాత కూడా ఆమె నాతో మాట్లాడితే, మిగిలిన రెండూ నేర్పుతాను. నేర్పిన నలభై పాఠాలలోనుంచి పరీక్షలో అరవై ఎనిమిది మార్కులకు ప్రశ్నలు వచ్చాయి. ఆమెకు అరవై ఎనిమిదీ వచ్చాయి."

ఇటివ్వండి. ఎక్కడ సంతకం పెట్టాలి?