నూటికి నూరు

2004. రాజమండ్రిలో ఒక కంప్యూటర్ సెంటరు. లైబ్రరీల్లో పుస్తకాల లెక్క కోసం ఒకామె రాసి, సీడీల్లో ఉచితంగా పంచుతున్న ప్రోగ్రామును ఎవరు మార్చుకున్నా, అది ఇంకా సరిగ్గా పనిచేస్తోందో లేదో సరిచూసుకోవడానికి, సెంటరు యజమాని టెస్టులు రాసిచ్చాడు.

"మీ టెస్టులు సీడీలో పెట్టనండి."

"అదేంటండి మేడమ్? ఒక్కటైనా ఫెయిలైందా?"

"అదేనండి నా బాధ. ఏం చేసినా ఫెయిలవ్వవు."

"మా సెంటర్లో పిల్లలే ఫెయిలవ్వరు, టెస్టులు ఫెయిలవుతాయా? గేటు మీద బోర్డు చూశారుగా, నూటికి నూరు!"

"చూశానండి. పేపరూ మీరే ఇచ్చి, మీరే దిద్దుకుంటారటగా."

"వెటకారం ఎందుకండీ? ఏ ఊళ్ళో నడిపినా పాస్ అని వస్తుంది, అందరూ సంతోషిస్తారు."

"ప్రోగ్రాములో తప్పున్నా పాస్ అనే వస్తే, పుస్తకం ఎవరింట్లో ఉందో తెలియక లైబ్రేరియన్లు తలలు పట్టుకుంటారు. నిన్న నా ప్రోగ్రాము మొత్తం తీసేసి, మీ టెస్టులు మాత్రమే నడిపానండి."

"ఏమైందండి?"

"అన్నీ పాసయ్యాయి."