ఏటివైపు వాటా

ఆ తడిబట్టలు కుర్చీ మీద వెయ్యకక్కా, అది ఇంటి ఓనరుది. మరకైతే నన్నంటాడు. నా పొడిబట్టలున్నాయి, మార్చుకో. మగాళ్లు వచ్చేసరికి ఆలస్యమవుతుందిలే, మీ ఇంట్లో ఏమైనా మిగిలిందేమోనని బురదలో వెతుకుతున్నారు. ఏం మిగుల్తుంది?

ఉన్నది ఒక్క గదే. మంచం మీద మీరు పడుకోండి, మేం కింద సర్దుకుంటాం. మాకలవాటే. పోయినేడు మా ఇల్లు పోయినప్పుడు మీ వరండాలోనేగా పడుకున్నాం, లోపల గది ఖాళీగా ఉన్నా. పిల్లల కాళ్ల బురద లోపలికొస్తుందని నీ బాధ.

ఏడు. వద్దనను. నేనేడ్చినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? విశ్వాసం తక్కువైన చోట పునాది నిలవదన్నావు. ఆ మాటంటూనే టీ ఇచ్చావు. చక్కెర కూడా వేశావు.

ఆ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పావు చూడూ. ఏరు పొంగి నీ గోడదాకా వచ్చిందట, నువ్వు మోకరించి గోడ మీద చెయ్యి పెట్టావట, నీళ్లు అక్కడే ఆగిపోయాయట. అందరూ స్తోత్రం అన్నారు. మా చిన్నది నా చెవిలో అడిగింది, "అమ్మా, మన గోడ మీద ఎవరూ చెయ్యి పెట్టలేదా?" అని.

పెట్టానక్కా. రెండు చేతులూ పెట్టాను.

నీళ్లెందుకాగాయో చెప్పనా? అన్నదమ్ములు పంచుకున్నప్పుడు రోడ్డు వైపు మీరు తీసుకుని ఏటివైపు మాకిచ్చారు. మా ఇల్లు కూలి, ఆ రాళ్లూ మట్టీ అడ్డం పడితే ఏరు పక్కకి తిరిగింది. మా కొంప మునిగితే నువ్వు ఒడ్డున పడ్డావు. అది చెప్పావా సాక్ష్యంలో? లేదే.

ఈసారి అడ్డం మేం లేం. అంతే.

ఏంటీ? వారమంతా ఉపవాసముండి ప్రార్థించాం, లోపం ఎక్కడుందంటావా? నేనూ వచ్చాగా. మీ హాల్లో చాప మీద అందరం గుండ్రంగా కూర్చున్నాం, నా చెయ్యి నీ చేతిలోనే ఉంది. ఇల్లు నిలబెట్టు తండ్రీ అని నువ్వన్నావు. నేను పైకి ఆమెన్ అన్నాను.

లోపల ఇంకోటి అడిగాను.

అలా చూడకు. మా ఇల్లు నిలబెట్టమని అడిగితే వినలేదు. మా ఆయనకి పని దొరకాలని అడిగితే వినలేదు. ఇదొక్కటీ అడిగాను, మనసులో మాట పూర్తిగా కూడా అనుకోలేదు, వినేశాడు. మీ ఇల్లు పడిందని తెలిసినప్పట్నుంచీ దేవుడి పేరెత్తలేదు నేను. ఇన్నాళ్లూ ఆయన అసలు లేడేమో అనుకునేదాన్ని. అదే నయం.

ఎందుకలా మోకరిస్తున్నావు? ఇల్లు ఏట్లో కలిసిపోయినా ఇంకా ఆశేనా నీకు? ఎవరి కోసం... నా కోసమా? వద్దు. లే అక్కా. కట్టుబట్టలతో వచ్చి కూడా నాకంటే ఒక మెట్టు పైనే ఉండాలా నువ్వు?

సరే, చేసుకో. నన్ను మాత్రం పిలవకు. ఆయన్ని ఏదైనా అడగాలంటేనే నాకిప్పుడు భయం.

రేపు ఆదివారం. ప్రార్థనకి జవాబు పొందినవాళ్లు లేచి చెప్పండి అంటారు పాస్టరుగారు. నువ్వు నా పక్కనే కూర్చో. నేను లేవబోతే, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టు.