జడివానలో నిలిచిన రసాయన తరగతి: శ్రీమతి ఎదువిహిస్ పెగెరో గారికి అభినందన

1989 సెప్టెంబరు నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, ఒకోవా పట్టణంలోని మన ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్ర అధ్యాపకురాలిగా శ్రీమతి ఎదువిహిస్ పెగెరో గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు వారికి అప్పగించిన ప్రయోగశాల ఒక బీరువా. అందులో ఒక కుంటి త్రాసు, మూతలు పోయిన నాలుగు సీసాలు ఉన్నాయని అందరూ చెప్పేవారే గానీ, తాళంచెవి ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. వారం రోజులు వెతికి, ఎనిమిదో రోజున సుత్తితో తాళం పగలగొట్టి, ఎదువిహిస్ గారు తమ అధ్యాపక జీవితానికి శ్రీకారం చుట్టారు.

కొండమీది కాఫీ తోటల కుటుంబంలో జన్మించి, విజ్ఞాన శాస్త్రం చదువుకోవాలన్న పట్టుదలతో పదునాలుగేళ్ళ వయసులోనే ఇల్లు విడిచి, దిగువన ఉన్న బనీ పట్టణంలో దూరపు బంధువుల పంచన చేరి, ఆ ఇంటి అంట్లు తోముతూ పాఠాలు వల్లెవేసిన బాల్యం వారిది. తోడుగా వెళ్ళిన నేస్తాలు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి వచ్చేసి పెళ్ళిళ్ళు చేసుకోగా, వారొక్కరే చదువు పూర్తిచేసి, రాజధానిలో పట్టా పుచ్చుకుని, మళ్ళీ ఈ కొండకే ఉద్యోగం కోరుకున్నారు. మన ఊరిలో విజ్ఞాన విభాగం ఉండటం వారికి కేవలం ఉద్యోగ విషయం కాదని, వారి సహోద్యోగులమైన మాకు మొదటి సంవత్సరమే అర్థమైంది.

వారి బోధనా పద్ధతిని గురించి ఒక మాట చెప్పాలి. ఒక అణువు మరో అణువుతో చేయి కలిపే హైడ్రోజన్ బంధం అనే పాఠం వచ్చేసరికి ఏటేటా పిల్లలందరూ ఒకే గోతిలో పడేవారు. పేరులో హైడ్రోజన్ ఉంది గనుక, హైడ్రోజన్ ఉన్న ప్రతి అణువూ ఆ బంధం ఏర్పరుస్తుందని పిల్లల నమ్మకం. ఎదువిహిస్ గారు నల్లబల్ల మీద ఏ అణువును గీసినా రెండే ప్రశ్నలు వేసేవారు: "ఇచ్చేదెవరు? పుచ్చుకునేదెవరు?" నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ అనే ముగ్గురు ఆశపోతుల్లో ఎవరో ఒకరిని అంటిపెట్టుకుని, తన ఎలక్ట్రాన్లను వారికి సమర్పించుకుని, దాదాపు వట్టి చేతులతో మిగిలిన హైడ్రోజన్ మాత్రమే ఇచ్చే పక్షం. ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంటను దాచుకున్న అదే ముగ్గురిలో ఒకరు పుచ్చుకునే పక్షం. ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా సంబంధం కుదరదు. "కుదరని సంబంధానికి ఎంత పెద్ద విందు చేసినా దండగే" అని వారి వ్యాఖ్య.

ఇక, వారి పదవీ విరమణ సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో తప్పక నమోదు కావలసిన ఆ మే నెల సోమవారానికి వద్దాము. 1996లో, కొండ ఊళ్ళలో విద్యార్థుల సంఖ్య తగ్గుతున్నదని చెప్పి, మన విజ్ఞాన విభాగాన్ని బనీకి తరలించాలన్న ప్రతిపాదన వచ్చింది. పరిశీలనాధికారిణి స్వయంగా వచ్చి తరగతిని చూస్తారని, బెంచీలు సగానికి పైగా నిండి, పిల్లల జవాబులు సంతృప్తికరంగా ఉంటేనే విభాగం నిలుస్తుందని కబురు అందింది. మా తరగతిలో మూడొంతులు ఆడపిల్లలే. బనీకి రోజూ పంపేది లేదని వారి తండ్రులు ముందుగానే తేల్చి చెప్పేశారు.

అంతటి ముఖ్యురాలు వస్తున్నారంటే ఒకోవా ఆడపిల్లలు ఏం చేస్తారో వేరే చెప్పాలా? ఆదివారమంతా నిన్‌ఫా సెలూన్ ముందు బారులు తీరారు. రోలర్లు చుట్టించుకుని, డ్రయ్యర్ కింద చెవులు కాలేలా కూర్చుని, వంకీల జుట్టును పట్టులా సాపు చేయించుకుని, రాత్రి తల చుట్టూ పిన్నులు బిగించుకుని పడుకున్నారు. ఎదువిహిస్ గారూ ఆ బారులో నిలబడినవారే. తెల్లవారేసరికి కుండపోత వాన. సాపు చేయించుకున్న తలతో వానలో అడుగు పెట్టే ఆడమనిషి మన ఊళ్ళో అప్పటికి పుట్టలేదు.

తరగతిలో తడిసిన కోడిపిల్లల్లా నలుగురైదుగురు మగపిల్లలు కూర్చున్నారు. అధికారిణి జీపు అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంది. ప్రధానోపాధ్యాయులు దోన్ తన్‌క్రేదో గారు చెమటలు కక్కుతున్నారు.

"అమ్మా ఎదువిహిస్, కొంప మునిగింది. ఆవిడ దిగి వచ్చిందంటే ఖాళీ బెంచీలే చూస్తుంది!"

"దిగలేదుగా ఇంకా. కాఫీ పెట్టించండి. నేనిప్పుడే వస్తా."

"ఉండమ్మా, గొడుగు తీసుకెళ్ళు!"

"గొడుగేసుకుని వెళ్తే ఒక్కత్తీ కదలదండీ. 'మీకు గొడుగుంది, మాకేదీ' అంటారు."

ఆ మాట అని, వారు వెనుక గుమ్మం గుండా వట్టి తలతో వీధిలోకి నడిచారు. తమ ఇళ్ళ కిటికీల్లోంచి చూసిన ఆడపిల్లలు గుండెలు బాదుకున్నారు. పై వీధి చేరేలోపే ఆ పట్టు జుట్టు కాస్తా ఉంగరాలు తిరిగి పొదలా లేచింది.

"అయ్యో ప్రొఫే! మీ తల!" అని ఇంటి అరుగు మీంచి మొదట అరిచింది యొకాస్తా అనే అమ్మాయి. మా పిల్లలు పాఠం చెప్పేవారిని చనువుగా పిలిచే పిలుపే ఈ 'ప్రొఫే'. చదువులో చురుకైనది, అలంకారంలో అంతకంటే చురుకైనది.

"నా తల సంగతి సరే. వచ్చే ఆదివారం నిన్‌ఫా మళ్ళీ చుట్టిపెడుతుంది. తరగతి పోతే ఎవరు చుట్టిపెడతారే నీకు? దిగు!"

యొకాస్తా దిగింది. ఆమెను చూసి పక్కింటి పిల్ల, ఆ పిల్లను చూసి ఎదురింటి పిల్ల. సెలూన్ ముందుకు వచ్చేసరికి అదొక ఊరేగింపు. నిన్‌ఫా గుమ్మంలో నిలబడి నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఒసే ఎదూ, నీకేం పుట్టిందే! నా ఆదివారం కష్టమంతా కాలవలో కలిపేశావు కదే!"

"తర్వాత తిడుదువుగాని. సంచులుంటే ఇటివ్వు!"

తిడుతూనే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ సంచులన్నీ పంచిపెట్టి, ఏమవుతుందో చూద్దామని తానూ ఒకటి నెత్తిన తగిలించుకుని వెంట నడిచింది. వారందరూ వెనుక గుమ్మం గుండా వచ్చి కూర్చునేసరికి బెంచీలు నిండాయి. విచిత్రమేమంటే, అధికారిణి మిలేదిస్ గారు అప్పటికీ జీపు దిగలేదు. దోన్ తన్‌క్రేదో గారు గొడుగు పట్టుకుని ఎదురువెళ్ళగా, ఆవిడ తలకు రెండు పాత వార్తాపత్రికలు అడ్డం పెట్టుకుని, పైన గొడుగు పట్టించుకుని, బిక్కుబిక్కుమంటూ లోపలికి వచ్చారు. ఎదువిహిస్ గారిని చూసి ఆగిపోయారు.

"ఇదేం అవతారం ప్రొఫెసరమ్మా?"

"పాఠమండీ. నా తలమీదే మొదలైపోయింది."

జుట్టు పోగుల లోపలి పొడుగాటి అణువుల్లో నైట్రోజన్ పక్కన హైడ్రోజన్లు, వాటి ఎదుట ఆక్సిజన్లు ఉంటాయని, డ్రయ్యర్ వేడికి తడి ఆరిపోగానే అవి కొత్త చోట చేతులు కలిపి జుట్టును సాపుగా పట్టి ఉంచుతాయని, నీటి అణువుకు ఇవ్వడమూ తెలుసు, పుచ్చుకోవడమూ తెలుసు గనుక అది మధ్యలో దూరి ఆ చేతులను విడదీస్తుందని, అప్పుడు జుట్టు తన పుట్టు వంకీలకు తిరిగి పోతుందని, కారుతున్న తలను చూపిస్తూ వారు వివరించారు. మిలేదిస్ గారి చేయి అప్రయత్నంగా తన తలమీదికి పోయింది. కానీ పరీక్షించడానికి వచ్చినవారు పరీక్షించక మానరు కదా.

"కిరోసిన్ నిండా హైడ్రోజన్లే. మరి నీళ్ళతో ఎందుకు చెయ్యి కలపదు?"

"హైడ్రోజన్ ఉంటే చాలదండీ! అన్నీ కార్బన్ పక్కనున్నవే!" తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"సరే. నువ్వు చెప్పమ్మాయ్, ఆ సంచి నెత్తిన పెట్టుకున్నదానివి. అసిటోన్ హైడ్రోజన్ బంధం ఏర్పరుస్తుందా, లేదా?"

యొకాస్తా లేచి నిలబడింది. అవునన్నా తప్పే, కాదన్నా తప్పే అయ్యే ప్రశ్న అది. తరగతి ఉండటమో పోవటమో ఆ పిల్ల నాలుక చివర వేలాడుతున్నది.

"ఎవరితోనండీ?" అంది యొకాస్తా.

"ఎవరితో ఏమిటి? అవునా, కాదా?"

"అట్లా అడిగితే చెప్పలేనండీ. అసిటోనూ అసిటోనూ అయితే కుదరదు. ఆక్సిజన్ ఉంది, పుచ్చుకుంటుంది. కానీ దాని హైడ్రోజన్లన్నీ కార్బన్ దగ్గరే, ఇచ్చేవాళ్ళు లేరు. నీళ్ళతో అయితే కుదురుతుంది, ఇచ్చేది నీళ్ళు. అందుకేగా మా నిన్‌ఫా అక్క గోళ్ళరంగు తుడిచే అసిటోన్‌లో నీళ్ళు కలిపినా ఒకటైపోయి ఎవరికీ తెలీదు!"

"ఒసేయ్, నేనెప్పుడు కలిపానే!" గుమ్మంలోంచి నిన్‌ఫా కేక.

తరగతి గొల్లుమంది. మిలేదిస్ గారు నవ్వాపుకోలేక వార్తాపత్రికలు బల్లమీద పడేశారు.

"కూర్చో తల్లీ. ప్రొఫెసరమ్మా, నేనూ శనివారం నాలుగు గంటలు డ్రయ్యర్ కింద కూర్చుని వచ్చినదాన్నే. ఇంతసేపు జీపులో ఏం చేస్తున్నాననుకున్నారు? ఈ తరగతి ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటుంది."

దోన్ తన్‌క్రేదో గారు గోడకు చేరగిలబడిపోయారు. ఎదువిహిస్ గారు "అమ్మయ్య" అని బెంచీమీద కూలబడి, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా, నిన్‌ఫా అందించిన సెలూన్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. మాకందరికీ ఆ రోజు అన్నం సహించింది.

తదుపరి సంవత్సరాలలో వారు శాస్త్ర విభాగానికి అధిపతిగా నియమితులై, నూతన ప్రయోగశాల నిర్మాణాన్ని పర్యవేక్షించి, ప్రధానోపాధ్యాయ పదవి రెండుసార్లు వరించి వచ్చినా "నల్లబల్లకు దూరమైతే నాకు తోచదు" అని సున్నితంగా తిరస్కరించారు. నీటి సంగతి అంత తెలిసినవారు కదా, ఇక సెలూన్‌కు ఏం వెళ్తారని అనుకున్నవారికి నిరాశే మిగిలింది. ఆ మరుసటి ఆదివారమే వారు నిన్‌ఫా దగ్గర బారులో నిలబడ్డారు. వాన వస్తే సంచి తగిలించుకోవడం కూడా మానలేదు.

ఆ నాటి పిల్లలు వైద్యులైనారు, నర్సులైనారు, కొందరు ఉపాధ్యాయులైనారు. కొందరు ఏమీ కాకపోయినా, సాయంత్రం పూట తమ బిడ్డలకు అణువుల బొమ్మలు గీసి చూపించగల తల్లులైనారు. బడి చదువు కోసం ఈ కొండ దిగి, పరాయి ఇంట అంట్లు తోమవలసిన అగత్యం ఒకోవా ఆడపిల్లకు ఆ సోమవారం తరువాత మరి కలుగలేదు. ఈ ఒక్క వాక్యం రాయగలుగుతున్నందుకు మేము అనుభవిస్తున్న ఊరట ఇంతా అంతా కాదు. పూజ్యులు ఎదువిహిస్ పెగెరో గారు సంపూర్ణ ఆరోగ్యంతో, కుటుంబసభ్యుల ప్రేమాదరాల నడుమ, నిండు నూరేళ్ళు చల్లగా జీవించాలని, తాము పట్టి నిలిపిన తరగతి గుమ్మంలో ఎప్పుడైనా వచ్చి నిలబడితే లోపలి పిల్లలందరూ లేచి నిలబడే గౌరవాన్ని చిరకాలం అనుభవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాము.