చెరిగిపోయిన పక్క బ్లాకు

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర అతను ఎదురుచూస్తున్నాడు. రెండేళ్ల కిందట తనతో పనిచేసి, ఉద్యోగం పోగొట్టుకున్న ఆమె పిల్లలకు క్లాసు చెప్పడం ముగించుకుని కిందికి వచ్చింది.

“మీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదండీ. తప్పంతా పాత మెషీన్ ప్రోగ్రామ్‌లు కొత్తదాంట్లో నడవడానికి నేను రాసిన ఎమ్యులేటర్‌దే.”

“ఇప్పుడెట్ల తెలిసింది?”

“పాత మెషీన్‌లో మెమరీని సున్నా చేసే ఇన్‌స్ట్రక్షన్ ఉంది కదా. ఏ అడ్రస్ ఇచ్చినా, అది ఉన్న బ్లాకును మొదటి నుంచి చివరిదాకా తుడవాలి. నేనేమో ఇచ్చిన అడ్రస్ దగ్గర మొదలుపెట్టి, అక్కణ్నుంచి ఓ బ్లాకంత పొడవు తుడిచాను. అందుకే పక్క బ్లాకులో మీరు దాచిన డేటా పోయింది.”

“మీ కోడ్ ఒకసారి చూడుండ్రి అని నేను అప్పుడే అడిగిన.”

“అడిగారు. చూడకుండానే మీటింగ్‌లో మీ పేరు చెప్పాను.”

“ఆఫీసుల చెప్పిండ్రా?”

“పొద్దున్నే అందరికీ మెయిల్ పెట్టాను. మిమ్మల్ని మళ్లీ రమ్మంటున్నారు.”

“నేను రాను.”

“నా మీద కోపంతోనా?”

“కోపం కాదు. మీరు అంత గట్టిగ చెప్తే, తప్పు నాదే అని నేను గూడ నమ్మిన. ఇప్పటికీ బోర్డు మీద ఏది రాసినా, పిల్లల దిక్కు తిరిగే ముందు రెండుసార్లు చూసుకుంట.”